తాడీ, బుగ్గా

అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో, శాన్ జసింటో కొండ పాదాన పామ్ స్ప్రింగ్స్ అనే ఎడారి పట్నం ఉంది. 2020 జనాభా లెక్కల్లో దాని జనం నలభై అయిదు వేలకు లోపే. చలికాలం వచ్చిందంటే మాత్రం కెనడా నుంచీ ఉత్తరాది రాష్ట్రాల నుంచీ జనం మూటాముల్లె సర్దుకొని వచ్చి వాలుతారు. వాళ్ళకు అక్కడ పెట్టిన ముద్దుపేరు స్నోబర్డ్స్, మంచు పిట్టలు. ఎండలు ముదరగానే ఎగిరిపోతారు.

ఊరి సొగసుల సంగతి తరవాత చూద్దాం. ముందు పేరు.

పామ్ అంటే తాడి జాతి చెట్టు. అరచేయి అని కూడా. స్ప్రింగ్ అంటే నీటిబుగ్గ. మన బుగ్గకేమో చెంప అనే అర్థం ఉంది. నిఘంటువు దగ్గర పెట్టుకొని మక్కికి మక్కి తెలుగు చేస్తే అరచేయి, బుగ్గ; వెరసి చెంపదెబ్బ. నడివేసవిలో అక్కడ విమానం దిగినవాళ్ళు ఈ అనువాదాన్ని తప్పుపట్టరు. 2024 జూలై 5న ఆ ఊళ్ళో ఎండ 124 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 51 డిగ్రీలు దాటింది. రెంటచింతల కూడా దండం పెట్టాల్సిన వేడి.

చెట్టుకూ చేతికీ ఒకే పేరు ఎలా వచ్చింది? లాటిన్‌లో పల్మ అంటే మొదట అరచేయి. మధ్యధరా తీరపు పొట్టి తాడి ఆకు, వేళ్ళు చాచిన చేతిలా ఉంటుంది. అందుకే చెట్టుకూ చేతి పేరే పెట్టారు. తరవాత ఆ పేరు కొబ్బరికీ ఖర్జూరానికీ కూడా పాకింది. వాటి ఆకు ఈకలా ఉంటుంది గానీ చేయిలా ఉండదు. పేరు ఒకసారి బయలుదేరాక పోలిక వెంట రాకపోయినా ఆగదు.

మన వైపూ ఇదే కథ ఇంకో దారిలో నడిచింది. సంస్కృతంలో తలం అంటే అరచేయి. కరతలం అంటున్నాం కదా. తాళం అంటే చేతులతో వేసే చప్పట్ల లయ. తాళవృక్షం అంటే తాటిచెట్టు. రోమునగరంలోనూ భరతఖండంలోనూ చేయీ చెట్టూ ఇలా పక్కపక్కనే నిలబడ్డాయి. వాటి మధ్య చుట్టరికం ఎంతో పండితులు తేల్చుకోనీండి. తాళవృంతం అంటే విసనకర్ర అని మాత్రం మరిచిపోవద్దు. పామ్ స్ప్రింగ్స్ లోయల్లో సహజంగా పెరిగే చెట్టును ఇంగ్లీషువాళ్ళు ఫ్యాన్ పామ్ అంటారు. అంటే విసనకర్ర తాడి. మన తాళవృంతానికి వేలు విడిచిన మేనత్త కొడుకన్నమాట.

చేయి వచ్చాక వేళ్ళు రాకుండా ఉంటాయా? ఖర్జూరాన్ని ఇంగ్లీషులో డేట్ అంటారు. దాని పూర్వీకుడు గ్రీకు మాట డాక్టిలోస్, అర్థం వేలు. పండు వేలంత ఉంటుందని ఆ పేరు వచ్చిందని చెబుతారు. గ్రీకు ఛందస్సులో అదే డాక్టిల్ ఒక గణం పేరు: ఒక గురువు, రెండు లఘువులు. చూపుడువేలు కణుపులు చూడండి, మొదటిది పొడుగు, తక్కిన రెండూ పొట్టి. మన లెక్కలో అది భగణం. ఉత్పలమాల పాదంలో ఎన్ని ఖర్జూరాలు దాగున్నాయో తీరిక ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

ఖర్జూరం మనకు సంస్కృతం ఇచ్చిన మాట. అరబ్బులకు అది తమ్ర్. వాళ్ళు మన చింతపండును చూసి తమ్ర్ హిందీ అన్నారు, హిందూదేశపు ఖర్జూరం అని. ఇంగ్లీషు ట్యామరిండ్ దాన్నుంచే వచ్చింది. పామ్ స్ప్రింగ్స్ ఉన్న కోచెల్లా లోయ ఇప్పుడు అమెరికాకు ఖర్జూరపు తోట. అక్కడ మెక్కా అని ఒక ఊరు కూడా ఉంది. ఎడారి కనిపిస్తే చాలు, అమెరికావాళ్ళకు అరేబియా గుర్తొస్తుంది. కోచెల్లా అనే పేరు మాత్రం ‘చిన్న గవ్వ’ అనే స్పానిష్ మాటకు అక్షరాలు తప్పిన రూపమని చెబుతారు. ఒకప్పుడు అక్కడ పెద్ద సరస్సు ఉండేది. ఇసుకలో ఇప్పటికీ గుల్లలు దొరుకుతాయి.

ఇక మన తాడి. తాడి తన్నేవాడి తల తన్నేవాడున్నాడన్న సామెతలో అది నిటారుగా ఉంది. పక్కన చెట్టో ఆకో చేరగానే తాటిచెట్టు, తాటాకు అయిపోతుంది. నాడు నాటి అయినట్టు, ఏడు ఏటి అయినట్టు ఇది ఔపవిభక్తికం. హిందీలోని తాడ్ చెట్టు కల్లు తాడీ. ఇంగ్లీషువాళ్ళ నోట అది టాడీ అయింది. చలిదేశాల వాళ్ళు జలుబుకు తాగే వేడి సారాయి పానకాన్ని కూడా టాడీ అనే అంటారు. మాట తాటిచెట్టు దిగి మంచులోకి నడిచిపోయిందన్నమాట.

తాటిచెట్టును ఇంగ్లీషులో పామైరా అంటారు. అది పోర్చుగీసు పల్మెయిరా నుంచి వచ్చి, సిరియాలోని ప్రాచీన నగరం పేరును చూసి స్పెల్లింగు మార్చుకుంది. ఆ సిరియా పామైరా ఏమిటి? ఎడారి మధ్య ఖర్జూరపు తోపు, ఎఫ్కా అనే గంధకపు నీటి ఊట, వాటి చుట్టూ లేచిన వర్తకుల నగరం. అంటే రెండువేల ఏళ్ళ కిందటి పామ్ స్ప్రింగ్స్. ఈత కొలనులు తక్కువ, ఒంటెలు ఎక్కువ.

ఇప్పుడు పేరులో రెండో సగానికి వద్దాం. బుగ్గ అంటే నాకు మహా ఇష్టం. పసివాడి చెంప బుగ్గ. భూమిలోంచి ఉబికే నీరు బుగ్గ. నీటి మీద పొంగే బుడగ బుగ్గ. తెలంగాణలో పిల్లలు ఊదే బెలూను బుగ్గ, కరెంటు బల్బు బుగ్గ. 2017 దాకా మంత్రిగారి వాహనం ఎర్రబుగ్గ కారు. వీటన్నిటిలో ఉన్నది ఒకటే పని: లోపలి నుంచి ఉబ్బడం. కన్నడంలోనూ ఊటను బుగ్గె అంటారు. ఇంగ్లీషు స్ప్రింగ్ అసలు అర్థం ఎగిరి దూకడం. నీరు దూకితే ఊట, చిగురు దూకితే వసంతం, ఇనప చుట్ట దూకితే స్ప్రింగు. వాళ్ళకు నీరు దూకుతుంది, మనకు ఉబుకుతుంది. రాయలసీమ బండల్లో నీటిని చూసినవాడు ఉబికిందనే అంటాడు.

రాయలసీమ అన్నాం కాబట్టి తాడిపత్రి వెళ్ళక తప్పదు. పెన్న ఒడ్డున అక్కడ బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది, విజయనగర కాలపు కట్టడం. శివలింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టి స్వామికి ఆ పేరు. ఊరి పేరు మొదట్లో తాడి, గుడి పేరు మొదట్లో బుగ్గ. వానలు మొహం చాటేసే అనంతపురం సీమలో తెలుగువాళ్ళకు వాళ్ళ పామ్ స్ప్రింగ్స్ ఎన్నడో ఉంది. అక్కడ ఈత కొలను కట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు; తీర్థం చాలనుకున్నారు.

అమెరికా ఊరికి ఈ పేరు ఎవరు పెట్టారు? ఆ నేల కహుయియా జాతివాళ్ళది. వేల ఏళ్ళుగా వాళ్ళు ఆ బుగ్గను సెఖీ అంటున్నారు. మరిగే నీళ్ళు అని అర్థం. స్పానిష్ వాళ్ళు వచ్చి అగ్వా కాలియెంతె అన్నారు, వేడినీళ్ళు. ఆ తెగకు ఇప్పటికీ ప్రభుత్వపు కాగితాల్లో అదే పేరు. తరవాత వచ్చిన అమెరికన్లు కొన్నాళ్ళు పామ్ వేలీ అని పిలిచి చివరికి పామ్ స్ప్రింగ్స్ దగ్గర స్థిరపడ్డారు. మొదటి రెండు పేర్లలోనూ చెట్టు లేదు, నీళ్ళే. బతకడానికి వచ్చినవాడు నీళ్ళ పేరు పెట్టాడు, చూడడానికి వచ్చినవాడు చెట్టు పేరు పెట్టాడు. ఈ చర్చంతా ఆ ఒక్క తేడా కోసమే.

మరిగే నీళ్ళన్నారు గానీ ఆ బుగ్గ వేడి సుమారు 40 డిగ్రీలు. స్నానానికి సరిగ్గా సరిపోతుంది. పైన చెప్పిన జూలై రోజున ఊళ్ళో గాలి బుగ్గ కన్నా పదకొండు డిగ్రీలు ఎక్కువ మరిగింది. ఆ రోజుకు సెఖీ చల్లటి నీళ్ళే. ఆ తెగవాళ్ళు 2023లో బుగ్గ పక్కనే మ్యూజియమూ కొత్త స్నానశాలా తెరిచి, స్నానశాలకు సెఖీ పేరే పెట్టారు. ముందు స్పా అని తగిలించారు. స్పా అంటే బెల్జియంలో ఖనిజజలాలకు పేరుపడ్డ ఒక ఊరు. హైదరాబాదు సందుల్లో స్పా బోర్డు పెట్టిన ప్రతివాడూ తెలియకుండానే ఒక బెల్జియం ఊరి పేరు రాయించుకుంటున్నాడు.

తెల్లవాళ్ళలో అక్కడ మొదట కాపురం పెట్టినవాడు జాన్ గత్రీ మెకల్లమ్, శాన్‌ఫ్రాన్సిస్కో వకీలు. జబ్బుపడిన కొడుకుకు పొడి గాలి మంచిదని 1884లో వచ్చాడు. కొండవాగు నుంచి 19 మైళ్ళ రాతికాలువ తవ్వించి తోటలు వేయించాడు. తరవాత వరద వచ్చింది, వరద వెనక దశాబ్దం పాటు కరువు వచ్చింది, తోటలు ఎండిపోయాయి. 1909లో నెల్లీ కాఫ్మన్ పెట్టిన డెజర్ట్ ఇన్ కూడా ఆరోగ్యనివాసంగా మొదలైందే. పొడి గాలి మీద ఈ నమ్మకం మనకు కొత్తది కాదు. మదనపల్లె పక్కన క్షయరోగుల శానిటోరియం వెలసిన చోటు పేరు ఆరోగ్యవరం. రోగులు తగ్గాక మన ఆరోగ్యవరం పేరు నిలబెట్టుకుంది. పామ్ స్ప్రింగ్స్‌లో మాత్రం రోగుల స్థానంలో సినిమావాళ్ళు వచ్చారు.

హాలీవుడ్ నుంచి కారులో రెండు మూడు గంటల దూరం. 1934లో చార్లీ ఫారెల్, రాల్ఫ్ బెలమీ అనే ఇద్దరు నటులు రాకెట్ క్లబ్ తెరిచారు. 1946లో రిచర్డ్ న్యూట్రా అద్దాల గోడలతో కౌఫ్‌మన్ ఇల్లు కట్టాడు. మరుసటి ఏడు ఫ్రాంక్ సినాత్రా పియానో ఆకారపు ఈత కొలనుతో ఇల్లు కట్టించుకున్నాడు; దానికి పేరు ట్విన్ పామ్స్, జంట తాళ్ళు. 1963లో కొండ మీదికి తీగమార్గం వేశారు. కింద జనం ఈత కొడుతుండగా పది నిమిషాల్లో 8,516 అడుగుల ఎత్తుకు చేరి మంచు తొక్కి రావచ్చు. పాతికేళ్ళ తరవాత గాయకుడు సోనీ బోనో ఆ ఊరికి మేయరు కూడా అయ్యాడు. అరచేతిలో వైకుంఠం చూపించడమని మనం వెక్కిరింపుగా అంటాం. పామ్ అనే మాట పేరులోనే ఉన్న ఊరు ఆ పనిని నిజంగానే చేసి చూపించింది.

రిసార్ట్ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఫ్రెంచి మూలంలో అది మళ్ళీ వెళ్ళడం. మనకు ఆ మాట ఈమధ్య రాజకీయాల్లో బాగా అలవాటైంది. మెజారిటీ ఊగిసలాడినప్పుడు ఎమ్మెల్యేలను దాచే చోటు. మనకు సొంత మాట లేకపోలేదు: విడిది. పెళ్ళికొడుకు వారికి ఇచ్చే ఇల్లు, దండు దిగే చోటు. దాని ధాతువు విడు. ఎడారికి ఇంగ్లీషు మాట డెజర్ట్. దాని లాటిన్ మూలానికి అర్థం విడిచిపెట్టినది. తెలుగులో విడుచు కూడా ఆ విడు నుంచే వచ్చింది. కాబట్టి డెజర్ట్ రిసార్ట్ అంటే విడిచిన చోట విడిది. ఒక ధాతువుకు ఇంత పని దొరకడం అరుదు.

మన పూర్వులు ఎడారిని విడిచిన చోటనలేదు, చచ్చే చోటన్నారు. మరువుకు సంప్రదాయం చెప్పే వ్యుత్పత్తి మృ ధాతువు, మరణం. మార్వాడ్ పేరులో ఉన్నదీ ఆ మరువే. తెలుగుకు వచ్చేసరికి మరుభూమి శ్మశానం కూడా అయింది. అడవి అని అర్థమున్న కాడు మనకు వల్లకాడుగా మిగిలినట్టే. ఊరికి బయట ఉన్న ప్రతి చోటునూ చావుకు అప్పగించడం పల్లెజనం అలవాటు.

కహుయియా వాళ్ళకు ఆ నేల విడిచినదీ కాదు, చచ్చినదీ కాదు. తాటాకు కప్పిన కిష్ అనే ఇళ్ళలో ఉన్నారు. తాడిపళ్ళు తిన్నారు. మెట్లలా దిగివెళ్ళే బావులు చేతులతో తవ్వుకున్నారు. మన మాటలో అవి దిగుడుబావులు. పక్కనున్న ఇండియన్ వెల్స్ అనే సంపన్నుల ఊరి పేరు వాటిదే. ఆ తాడిచెట్టును దగ్గరగా చూడండి. ఎండిన ఆకులు రాలవు. ఒకదాని మీద ఒకటి వంగి మొదలు చుట్టూ నేల దాకా లంగా కట్టినట్టు వేలాడతాయి. పచ్చని ఆకు అంచుల నుంచి సన్నని తెల్లని పోగులు జారుతుంటాయి. శాస్త్రవేత్తలు దానికి వాషింగ్టోనియా ఫిలిఫెరా అని పేరు పెట్టారు. ఫిలిఫెరా అంటే పోగులు మోసేది. మొదటి సగం జార్జి వాషింగ్టన్‌ది. ఆయన ఆ చెట్టు నీడన ఎన్నడూ కూర్చోలేదు.

ఈ తాళ్ళు ఎక్కడ పడితే అక్కడ మొలవవు. ఆ లోయ పక్కగా శాన్ ఆండ్రియాస్ అనే భూమి పగులు పోతోంది. పగులు వెంట రాయి నలిగి మెత్తని బంకమన్నుగా మారి, భూగర్భజలానికి అడ్డుగోడ అవుతుంది. దారి మూసుకున్న నీరు పైకి ఉబుకుతుంది. అక్కడ తాళ్ళు వరస కడతాయి. కనుచూపు మేర బూడిద రంగు నేల మీద పచ్చని గీత కనిపిస్తే అది పగులు గీత, అదే నీటి గీత. చెట్టు నీటికి సైన్‌బోర్డు. వచ్చిపోయేవాళ్ళు బోర్డు చదివి ముచ్చటపడ్డారు, ఉన్నవాళ్ళు నీరు తాగారు.

రైలుమార్గం వేసినప్పుడు ప్రభుత్వం నేలను చదరపు మైలు గళ్ళుగా కోసింది. బేసి గళ్ళు రైలు కంపెనీకి, సరి గళ్ళు తెగకు. ఒక్కో గడికి పేరు సెక్షన్. మనకు సెక్షన్ అంటే పోలీసులు పెట్టేది. అక్కడి సెక్షన్ 14 కథ చదివితే ఆ అర్థమూ పనికొస్తుంది. వేడిబుగ్గ ఉన్నది ఆ గడిలోనే, ఊరి నడిబొడ్డున. హోటళ్ళలో గదులు తుడిచే, ఇళ్ళు కట్టే నల్లజాతివాళ్ళూ మెక్సికో కుటుంబాలూ అక్కడ చవకగా కాపురముండేవాళ్ళు. ఊళ్ళో మరో చోట వాళ్ళను ఉండనిచ్చేవారు కాదు. 1959లో తెగ నేలలను 99 ఏళ్ళకు లీజుకివ్వచ్చని చట్టం వచ్చింది. గజం ధర లేచింది. 1960లలో ఆ కాపురాలను ఖాళీ చేయించి, ఇళ్ళు కూల్చి తగలబెట్టారు. బుగ్గ పక్కనే బుగ్గి. రెండు మాటల మధ్య ఉన్నది శబ్దసామ్యమే; వాటిని కలిపింది పురపాలన.

1968లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ఆ పనిని ఘాటుగా తప్పుపట్టింది. పరిహారానికి నగర మండలి ఒప్పుకున్నది 2024లో, 59 లక్షల డాలర్లు. ఎడారి పట్నం అందచందాలు చెప్పే రంగుల పుస్తకాల్లో ఈ పేజీ చాలాకాలం లేదు. నివాసులంటే కొలను ఉన్నవాళ్ళే కాదు, కొలను కడిగేవాళ్ళు కూడా.

రిజర్వేషన్ అనే మాట మనకు రైలు సీటు, కాలేజీ సీటు, ఉద్యోగం. అక్కడ మాత్రం అది ఒక జాతి బతకడానికి అట్టేపెట్టిన నేల. అగ్వా కాలియెంతె తెగకు అది 1876లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చింది. నేల అట్టేపెట్టినప్పుడు దాని కింది నీళ్ళు కూడా అట్టేపెట్టినట్టే కదా అని 2013లో వాళ్ళు స్థానిక జలసంస్థల మీద దావా వేశారు. అవునని 2017లో అప్పీలు కోర్టు చెప్పింది. వందకు పైగా గోల్ఫ్ మైదానాలు తడిపే లోయలో ఇది చిన్న తీర్పు కాదు. పేరులోనే వేడినీళ్ళున్న తెగవాళ్ళు, ఆ పేరుకు అర్థం నిలబెట్టమని కోర్టుకెక్కి గెలిచారు. పదచర్చలో ఇంతకన్నా గట్టి తీర్పు నేను చూడలేదు.

పామ్ స్ప్రింగ్స్ పేరు తప్పని నేననను. తాడి కనిపించకపోతే బుగ్గ ఉందని పరాయివాడికి తెలిసేది కాదు. పేరులో చెట్టు ముందు, నీళ్ళు వెనక. ప్రాణం మాత్రం నీళ్ళతో. సొగసు చూసి వచ్చినవాళ్ళు ఏటా వస్తారు, పోతారు. దాహం తీర్చినది ఏదో తెలిసినవాళ్ళ పేరే చివరికి మిగులుతుంది, కోర్టు కాగితంలోనైనా సరే.

ఒయాసిస్సు మనకు అరువు మాట. చెలమ, ఊట, దొరువు, గుండం, బుగ్గ మనవి. మీ ఊరి పేరులోనో పక్క వీధి పేరులోనో వీటిలో ఒకటి ఉంటే, ఒకసారి వెళ్ళి ఆ నీళ్ళు ఇంకా ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఎప్పుడు పోయాయో ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టండి.